సాయి అంకుల్ ఇచ్చిన రాజధాని

మొదటి మంచు పడకముందే టొరంటో పక్కనున్న మా రిచ్‌మండ్ హిల్ వీధిలోకి, రోడ్డు గడ్డకట్టకుండా ఉప్పు చల్లే లారీ వచ్చేస్తుంది. పొద్దున్నే ఆఫీసుకు కారు తీస్తే టైర్ల కింద ఆ ఉప్పు గళ్ళు కరకరలాడతాయి. ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడికాలు దానంతటదే తేలికవుతుంది. పక్క సీట్లోంచి ఎవరో "నెమ్మది, కర్నూల్, నెమ్మది" అన్నట్టే ఉంటుంది. అక్కడ నా లంచ్ డబ్బా తప్ప మరేమీ ఉండదని నాకు తెలుసు. అయినా ఒకసారి అటు చూస్తాను. చూడకుండా ఉండలేను.

ఆ గొంతు మా డ్రైవింగ్ మాస్టారిది. పేరు ఖుదాబక్ష్. ఊరు పాకిస్తాన్‌లో ఎడారి అంచునున్న బహావల్‌పూర్, ఇల్లు ఏజాక్స్‌లో. ఒషావా కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలకు మాత్రం ఆయన సాయి అంకుల్. వాళ్ళ సరాయికీ భాషలో ఎదుటి మనిషిని 'సాయీ' అనడం మనం 'అయ్యా' అన్నట్టన్నమాట. మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి ఆయన అలా అంటుంటే, మాకంటే ముందొచ్చిన బ్యాచ్ వాళ్ళు అదే ఆయన పేరనుకున్నారు. ఒకడైతే గురువారం క్లాసుకు కొబ్బరికాయ పట్టుకెళ్ళాడని చెప్పుకునేవాళ్ళు. ఆయన కాదనకుండా తీసుకుని, ఇంటికెళ్ళి శుభ్రంగా పచ్చడి చేయించుకుని తిన్నారట.

నేను వచ్చిన ఆ ఏళ్ళలో కెనడా కాలేజీలకు మనవాళ్ళు పోటెత్తారు. బస్సెక్కితే తెలుగు, బట్టలుతికే చోటికెళ్తే తెలుగు, పిజ్జా దుకాణంలో పిండి పిసికేవాడూ తెలుగే. ఒషావాలో ఒక బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నరేషూ కలిసి ఉండేవాళ్ళం. ఏజాక్స్‌లో వేర్‌హౌస్ పని దొరికింది గానీ ఆ వేళకు బస్సులు లేవు. లైసెన్సు లేనిదే బతుకు నడవదని తేలాక ఇద్దరం సాయి అంకుల్ దగ్గర చేరాం. మొదటిరోజు ఆయన మా పేర్లు అడగలేదు, ఊళ్ళు అడిగారు. నరేష్ "వరంగల్, తెలంగాణ" అనగానే ఆ పెద్దాయన కారు దిగి, చుట్టూ తిరిగొచ్చి, వాడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"మీరు సాధించారు సాయీ. మేం ఇంకా అడుగుతూనే ఉన్నాం," అన్నారు.

ఆ వెంటనే నా చెయ్యీ పట్టుకుని నాకూ ముబారక్ చెప్పారు. తెలుగువాళ్ళందరం ఒక్కటై పోరాడి రాష్ట్రం తెచ్చుకున్నామని ఆయన అనుకున్నారు. ఆ తెచ్చుకున్నది ఎవరి దగ్గర్నుంచో, అవతల నిలబడ్డవాళ్ళు ఏ భాషవాళ్ళో ఆయనకు తట్టలేదు. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

"నాది కర్నూలు అంకుల్. మేం పోగొట్టుకున్నోళ్ళం," అన్నాను, కొంచెం దురుసుగానే.

ఆయన చెయ్యి వదల్లేదు. "అయితే నీ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ," అన్నారు. మర్యాదకు అన్నారనుకున్నాను. ఈ మాటలన్నీ ఉర్దూలోనే. నరేష్‌ది హైదరాబాద్ హిందీ, నాది కర్నూలు పాతబస్తీలో క్రికెట్ ఆడుతూ అంటించుకున్న ఉర్దూ. మా ఇద్దరి భాషనూ ఆయన ఎలా భరించారో దేవుడికే తెలియాలి.

ఆయన నేర్పే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. శిష్యులను ఊరి పేరుతోనే పిలిచేవారు. "వరంగల్, అద్దం చూడు." "కర్నూల్, బ్రేక్." స్టీరింగ్ కాస్త చేతికొచ్చిందనగానే "ఇప్పుడు మీ ఊరి గురించి చెప్తూ నడుపు" అనేవారు. వాతావరణం గురించి, సినిమాల గురించి ఎవడైనా చెప్తూ నడుపుతాడు. సొంత ఊరికి జరిగిన అన్యాయం గురించి చెప్తూ కూడా కాలు అదుపులో ఉంచుకోగలిగినవాడినే ఆయన రోడ్ టెస్టుకు పంపేవారు. ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. నరేష్ వరంగల్ నుంచి మొదలుపెట్టి తెలంగాణ దాకా వచ్చేసరికి బండి ఉరికేది. నేను కర్నూలు అనకముందే ఉరికేది. ఆయన తన బ్రేకు మెత్తగా తొక్కి, "మీ ఊరు ఎక్కడికీ పోదు, లైటు ఎర్రగా ఉంది చూడు" అనేవారు. రోడ్ టెస్టుకు అందరికంటే ఆలస్యంగా వెళ్ళినవాణ్ణి నేనే.

తన గొడవ ఆయన ఎర్రలైట్ల దగ్గర కొంచెం కొంచెంగా చెప్పారు. వాళ్ళ దేశంలో పంజాబ్ ఒక్కటే ఎంత పెద్దదంటే పార్లమెంటులో సగానికి పైగా సీట్లు దానివే. ఆ పంజాబ్‌కు దక్షిణాన సరాయికీ మాట్లాడే జిల్లాలు. పత్తి వీళ్ళది, మామిడి వీళ్ళది, ఎండ వీళ్ళది. చిన్న ఉద్యోగానికైనా, సంతకానికైనా లాహోర్ వెళ్ళాలి. కాలేజీ రోజుల్లో ఆయన సరాయికీ రాష్ట్రం కావాలని ఊరేగింపుల్లో నడిచారు, లాఠీలు తిన్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అన్ని పార్టీలూ ఇస్తామంటాయి, గెలిచాక మరిచిపోతాయి.

"మాకైతే పార్లమెంటు ఇచ్చేసింది అంకుల్. అసెంబ్లీల వద్దన్నా గానీ ఇచ్చిండ్రు," అన్నాడు నరేష్ వెనక సీట్లోంచి.

"మీది అదృష్టం. మా చట్టంలో అలా కుదరదు. రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్రం అసెంబ్లీయే మూడింట రెండొంతుల మందితో ఒప్పుకోవాలి. తమ్ముడు వేరు పడాలంటే పెద్దన్న సంతకం పెట్టాలన్నమాట. ఏ పెద్దన్న పెడతాడు సాయీ?"

లైటు పచ్చబడింది. ఎవరమూ చూసుకోలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ వినడం అదే మొదటిసారి నాకు.

లాహోర్‌తో ఆయనకున్న పేచీ దూరపుది. దగ్గరి పేచీ ఇంట్లోనే ఉందని ఆయన భార్య సకీనా ఆంటీ వల్ల తెలిసింది. శనివారం క్లాసయ్యాక ఆమె మమ్మల్ని అన్నం తినకుండా వెళ్ళనిచ్చేది కాదు. ఆమె పుట్టిల్లు ముల్తాన్. ఆమె అన్న హైదర్ అంకుల్ రిచ్‌మండ్ హిల్‌లో ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు, టొరంటో చుట్టుపక్కలున్న ముల్తాన్‌వాళ్ళకు పెద్దదిక్కు. రాని రాష్ట్రానికి రాజధాని ఎక్కడుండాలన్న దాని మీద బావా బావమరుదులకు చెడింది. పెద్దూరు కాబట్టి ముల్తాన్ అంటారు హైదర్ అంకుల్. నవాబుల కాలంలో మాది వేరే రాజ్యం, మా రాజ్యాన్ని పంజాబ్‌లో కలిపినప్పుడు మమ్మల్ని అడిగినవాడు లేడు, కాబట్టి బహావల్‌పూర్ అంటారు ఈయన. అక్కడి ప్రభుత్వం రాష్ట్రం ఇవ్వకుండా కొన్ని ఆఫీసులు మాత్రం ఇచ్చి, అవీ రెండూళ్ళకూ చీల్చి పెట్టింది. దాంతో గొడవ మరింత ముదిరింది. ఒక రంజాన్ పండగనాడు హైదర్ అంకుల్ సగం తిన్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారట. ఆ తర్వాత చెల్లెలి గడప తొక్కలేదు.

"పుట్టింది ముల్తాన్‌లో, కాపురానికి వెళ్ళింది బహావల్‌పూర్‌కు, వంట చేస్తున్నది ఏజాక్స్‌లో. రాజధాని ఎక్కడుండాలని నన్నెవరూ అడగలేదు బేటా. అడిగితే మా అన్న వచ్చి తిని వెళ్ళే చోట ఉండాలంటాను," అందామె రొట్టె వడ్డిస్తూ. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఊళ్ళో దీనికొక సామెత ఉందని చెప్పాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉర్దూలోకి మార్చి చెప్పడానికి నరేషూ నేనూ నానా తంటాలు పడ్డాం. అర్థమయ్యాక ఆంటీ పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన రాజధాని మాట ఎత్తితే చాలు, "సోమలింగం బాగున్నాడా?" అని అడిగేది. సాయి అంకుల్ నవ్వలేదు. ఆయనకది నవ్వులాట కాదు. బహావల్‌పూర్‌ను వదిలేస్తే వాళ్ళ నాన్నకు మొహం చూపించలేనని, పట్టుపడితే భార్యకు అన్న లేకుండా పోతాడని, ఆ రెండింటి మధ్య నలిగిపోయేవారు.

ఒషావా శివారులో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి ఒకటుంది. ఆయనకు ఆ కూడలంటే ప్రాణం. ముందొచ్చినవాడు ముందు పోవాలి, లారీ అయినా చిన్న కారైనా ఒకటే. ఒక పొద్దున అక్కడ అవతలివాడు తన వంతు వదులుకుని నన్ను వెళ్ళమన్నాడు. నేను వెళ్ళిపోయాను. ఆయన కారు పక్కకు ఆపించారు.

"థాంక్స్ అన్నట్టు చెయ్యెత్తలేదేం?"

"టెస్టులో దానికి మార్కులుండవు కదా అంకుల్."

"మార్కులుండవు. కానీ నువ్వు చెయ్యెత్తకపోతే, ఇప్పుడు ఆ మనిషి తను ఇచ్చాననుకుంటూ పోడు. నువ్వు లాక్కున్నావనుకుంటూ పోతాడు."

ఎందుకో నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మేం ఇస్తే మాకెవరు చెయ్యెత్తినారు అంకుల్?" అని మొదలుపెట్టి మా ఊరి కథంతా కక్కేశాను. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలే. డేరాల్లో ఆఫీసులు. మా తాత అప్పుడు బళ్ళో చదివేవాడు. ఇంటి ముందుగది సెక్రటేరియట్ గుమాస్తాకు అద్దెకిచ్చి, మావాళ్ళు వెనక వసారాలోకి సర్దుకున్నారు. మూడేళ్ళకు తెలుగువాళ్ళంతా ఒకటవుతున్నారని రాజధాని హైదరాబాదుకు పోయింది. గుమాస్తా పెట్టే బేడా సర్దుకున్నాడు. తర్వాత మళ్ళీ రాష్ట్రం రెండైతే, అప్పుడూ మా విస్తట్లో ఏమీ పడలేదు. మా తాత ఈ రోజుకీ ఆ ముందుగదిని ఆఫీసు గది అనే అంటాడు. పోగొట్టుకున్నాం, పోగొట్టుకున్నాం అని నేను పుట్టినప్పటి నుంచి వింటున్న పాట అదొక్కటే.

ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "మీ తాతకు ఉర్దూ వచ్చా?" అని అడిగారు.

కర్నూలు మనిషికి ఉర్దూ రాకపోవడమేమిటి. మాకు పొద్దున, అక్కడ సాయంత్రం. కారు అక్కడే ఆపి వీడియో కాల్ కలిపాను. తాత వాకిట్లో కుర్చీలో కూర్చునున్నాడు. నా పక్కన తెల్లగడ్డం చూసి చొక్కా గుండీ పెట్టుకున్నాడు. యోగక్షేమాలయ్యాక సాయి అంకుల్ ఫోను తన చేతిలోకి తీసుకున్నారు.

"పెద్దాయనా, మీ మనవడు మీరు రాజధాని పోగొట్టుకున్నారంటున్నాడు. కాదు. అందరూ కలవడం కోసం మీరు ఇచ్చారు. ఇది మీతో అనాల్సినవాళ్ళు అనలేదు. వాళ్ళ తరఫున నేను అంటున్నాను. మీరిచ్చారు."

తాత భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, ఎండ లేకపోయినా. కాసేపటికి తెలుగులో నన్నడిగాడు.

"ఎవరబ్బా ఆయప్ప?"

"మా డ్రైవింగ్ సార్ తాతా. పాకిస్తానాయన."

"పాకిస్తానాయనకు తెలిసినాది, మనోళ్ళకు తెలీకపాయె," అన్నాడు తాత. ఆ సాయంత్రమే బజారంతా చెప్పుకొచ్చాడని మా అమ్మ తర్వాత చెప్పింది.

ఆ నెలలోనే బహావల్‌పూర్ వైపు అసెంబ్లీ సభ్యుడొకాయన ఏజాక్స్‌లో చుట్టాలింటికి వచ్చాడు. సరాయికీ కుటుంబాలన్నీ కలిసి ఆయన్ని కమ్యూనిటీ హాలుకు పిలిచాయి. సాయి అంకుల్ కంటికి అప్పుడే ఆపరేషన్ అయింది. ఆయన్నీ ఆంటీనీ వాళ్ళింటి కారులో హాలుకు తీసుకెళ్ళింది, అప్పుడే లైసెన్సు చేతికొచ్చిన నేనే. ముందు సీట్లో కూర్చుని దారంతా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. హాల్లో ముల్తాన్‌వాళ్ళు కుడివైపు, బహావల్‌పూర్‌వాళ్ళు ఎడమవైపు, పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆంటీ ఎటూ కూర్చోలేక టీ దగ్గర నిలబడింది. వచ్చినాయన విన్నంతసేపు విని, "ముందు మీరు ఒక్క మాట మీదికి రండి. తర్వాత మీ మాట నేను మోస్తాను," అన్నాడు. చేతులు దులుపుకోవడానికే అన్నాడని నా అనుమానం.

అప్పుడు సాయి అంకుల్ లేచారు. ఆయన సరాయికీలో మాట్లాడింది నాకు సగమే తెలిసింది. మిగిలిన సగం ఆంటీ చెవిలో చెప్పింది.

"నేను బహావల్‌పూర్‌వాణ్ణి. రాజధాని మాకే రావాలని జన్మంతా వాదించాను. ఈరోజు ఇచ్చేస్తున్నాను. రాజధాని ముల్తాన్‌లోనే ఉండనివ్వండి. మన భాషకు ఒక రాష్ట్రం పేరు వస్తే నాకంతే చాలు. కానీ ఒక్క షరతు. మనం ఎప్పుడు కలుసుకున్నా ముల్తాన్‌వాళ్ళ పెద్ద ఒకరు లేచి, బహావల్‌పూర్ ఇచ్చిందని పైకి అనాలి. రేపు మా మనవళ్ళు పోగొట్టుకున్నామని ఏడుస్తూ పెరగకూడదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. హైదర్ అంకుల్ కూడా కొట్టారు, వచ్చి బావను కౌగిలించుకున్నారు. మరుసటి ఆదివారం చెల్లెలి ఇంటికొచ్చి కడుపునిండా తిన్నారు. ఆంటీ ఆ రోజు వండినన్ని కూరలు నేను ఏ పెళ్ళిలోనూ చూడలేదు. కానీ ఆ ఒక్క మాట మాత్రం ఆయన అనలేదు. అందరూ కలిసినప్పుడల్లా సాయి అంకుల్ బావమరిది వైపు చూసేవారు. హైదర్ అంకుల్ గొంతు సవరించుకుని, వాతావరణం గురించో ఇళ్ళ ధరల గురించో మొదలుపెట్టేవారు. ఒకసారి నేనుండబట్టలేక అడిగేశాను.

"రాని రాష్ట్రానికి లేని రాజధాని. దానికి నేను నలుగురిలో లేచి కృతజ్ఞతలు చెప్పాలా? రాష్ట్రం రానీ, అప్పుడు మెల్లగా చెప్తాలే," అన్నారాయన. ఆ మాటలో తప్పు పట్టడానికీ నాకేం దొరకలేదు.

"'అతను అనకపోయినా నేనిచ్చింది ఇచ్చిందే కదా' అని మీరెందుకు సరిపెట్టుకోరు అంకుల్?" అని సాయి అంకుల్‌ని అడిగాను. "సరిపెట్టుకున్నాను సాయీ. అయినా చెవి అటే ఉంటుంది," అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన చిన్నబోయిన మొహం నాకిప్పటికీ కళ్ళముందుంది.

రాష్ట్రం రాలేదు. నాకు రిచ్‌మండ్ హిల్‌లో ఉద్యోగం వచ్చింది, నరేష్ ఎడ్మంటన్ వెళ్ళాడు. ఒక ఫిబ్రవరిలో గుండెపోటుతో సాయి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసింది. మూడోనాటి ప్రార్థన అదే హాల్లో జరిగింది. ఆ రోజు కుడివైపూ ఎడమవైపూ లేవు, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. సగంమంది ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చినవాళ్ళే. ప్రార్థనయ్యాక, వచ్చినవాళ్ళను భోజనానికి లేవమని చెప్పడానికి హైదర్ అంకుల్ నిలబడ్డారు. భోజనం మాట చెప్పలేదు. సరాయికీలో ఒకే వాక్యం అన్నారు. అప్పటికి ఆ భాష నాకు కొంచెం వచ్చింది. ఆంటీ చెప్పాల్సిన పనిలేకుండానే తెలిసింది.

"బహావల్‌పూర్ ఇచ్చింది."

ఆంటీ మొహం చున్నీలో దాచుకుని ఏడ్చింది. చాలామందికి అదేమిటో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హైదర్ అంకుల్ తిన్నగా నా దగ్గరికొచ్చారు.

"సరిగ్గా అన్నానా, కర్నూల్?"

ఓదార్చాలని తెలుసు. నా నోరు అలాంటిది కాదు. "సరిగ్గానే అన్నారు అంకుల్. ఆయన వినేటట్టు అనుంటే బాగుండేది," అన్నాను.

"తెలుసు," అన్నారాయన. నా భుజం మీద వేసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

అడగని మా తాతకు ఆ మాట బతికుండగా దక్కింది. నోరు తెరిచి అడిగిన మనిషికి దక్కలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు దుఃఖం ఆగదు, హైదర్ అంకుల్ మీద కోపమూ ఆగదు. పోయిన నెల మా కొత్తింటికి స్నేహితులను భోజనానికి పిలిచాం. నా ఉద్యోగం కోసం, ఇక్కడ ఉండడం కోసం మా ఆవిడ శ్రావణి క్యాల్గరీలో వచ్చిన మంచి ఉద్యోగం వద్దనుకుంది. అందరూ ఇల్లు చూసి నన్ను మెచ్చుకుంటుంటే గ్లాసు కింద పెట్టి లేచి, "ఇది శ్రావణి ఇచ్చింది. ఆమె అక్కడి ఉద్యోగం వదులుకుంటేనే ఈ ఇల్లు," అన్నాను. శ్రావణి మొహం ఎర్రబడింది. వాళ్ళు వెళ్ళాక నా మీద విరుచుకుపడింది.

"అందరి ముందు అదేంటండీ, ఉపన్యాసం ఇచ్చినట్టు. మనిద్దరికీ తెలిసిందే కదా. తర్వాత ఎప్పుడైనా మెల్లగా చెప్పొచ్చుగా."

మెల్లగా చెబుదామనే హైదర్ అంకుల్ కూడా అనుకున్నారు.